నీరు దిగాలంటే ఉప్పు దిగాలి

కాలి మీద వేలితో నొక్కితే సొట్ట పడి, అది వెంటనే పూడకపోతే మన ఇళ్ళలో "నీరు పట్టింది" అంటాం. నిజానికి ముందు పట్టేది ఉప్పు. జబ్బుపడిన కిడ్నీ సోడియంను సరిగా బయటికి పంపలేకపోతుంది. ఒంట్లో నిలిచిపోయిన ఆ సోడియం నీటిని పట్టి ఉంచుతుంది. కిడ్నీ గొట్టాల్లోంచి సోడియం తిరిగి రక్తంలోకి పోకుండా లాసిక్స్ అనే నీటి మాత్ర అడ్డుకుంటుంది. సోడియం మూత్రంలోకి పోతే నీరూ దాని వెంటే పోతుంది.

ఈ మందు ఆ గొట్టాల లోపలికి చేరితేనే పనిచేస్తుంది. కిడ్నీ దెబ్బతిన్నవారి రక్తంలో పేరుకున్న ఆమ్లాలు దానికి దారివ్వవు. పైగా మింగిన మాత్రలో సగటున సగమే రక్తంలోకి చేరుతుంది, అదీ మనిషికో తీరుగా. అందుకే డాక్టరు 40 మిల్లీగ్రాములను 80కో 160కో పెంచితే కంగారుపడనక్కర్లేదు. చాలని మోతాదును రోజుకు ఎన్నిసార్లు వేసినా నీరు కదలదు.

కొందరిలో ఎక్కువ మోతాదుకూ వాపు లొంగదు. నెలల తరబడి లాసిక్స్ వాడేసరికి, గొట్టంలో దిగువనున్న కణాలు బలిసి, తప్పించుకొచ్చిన సోడియంను పట్టేస్తాయి. అక్కడ అడ్డుపడేందుకు మెటొలజోన్, క్లోర్తాలిడోన్ వంటి వేరే రకం నీటి మాత్రలు జోడిస్తారు. కిడ్నీ జబ్బు ముదిరాక ఈ రకం మందులు పనిచేయవని చాలాకాలం నమ్మారు. నాలుగో దశ కిడ్నీ జబ్బున్న 160 మందిపై జరిగిన అధ్యయనం 2021లో వెలువడి ఆ నమ్మకాన్ని మార్చింది: క్లోర్తాలిడోన్ వాడినవారికి 12 వారాల్లో పై బీపీ సుమారు 11 పాయింట్లు తగ్గింది. అయితే రెండు మందులూ కలిస్తే సోడియం, పొటాషియం ప్రమాదకరంగా పడిపోవచ్చు. రక్తపరీక్షలు వాయిదా వేయకూడదు.

ఇక మన చేతిలో ఉన్న సంగతి. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు చెప్పే ఉప్పు రోజుకు 5 గ్రాముల లోపు, అంటే ఒక టీ చెంచా లోపు. కిడ్నీ జబ్బున్న అమ్మానాన్నలకు ఆవకాయ, అప్పడం, ఊరమిరపకాయ ముద్దముద్దకూ ఉంటే ఏ మాత్రా గెలవదు. ఉప్పుకు బదులుగా అమ్మే "తక్కువ సోడియం" ఉప్పులో పొటాషియం ఉంటుంది. కిడ్నీ రోగుల్లో అది ఎక్కువైతే గుండెకు ముప్పు. మోకాళ్ళ నొప్పికి చీటీ లేకుండా కొనే ఐబుప్రొఫెన్, నాప్రోక్సెన్ నీటి మాత్ర పనిని దెబ్బతీస్తాయి, కిడ్నీనీ దెబ్బతీస్తాయి. డాక్టర్లు అడగనిదే ఎవరూ చెప్పనిది ఈ బిళ్ళల సంగతే.

రోజూ పొద్దున్నే మూత్రానికి వెళ్ళొచ్చాక, టిఫిన్‌కు ముందు, రోగి బరువు చూసి పుస్తకంలో రాయండి. రెండు మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగినా, ఆయాసం వచ్చినా, వాంతులు విరేచనాలు పట్టుకున్నా ఆరోజే డాక్టరుకు ఫోన్ చేయండి. మాత్ర మీ అంతట మీరు పెంచకండి, ఆపకండి. వెళ్ళేటప్పుడు ఆ పుస్తకమూ, ఇంట్లోని నొప్పి బిళ్ళల డబ్బాలూ వెంట పట్టుకెళ్ళండి.