ఆ ఐదు సెంటీమీటర్లు ఎక్కడి నుంచి వస్తాయి?

కానిస్టేబుల్ ఉద్యోగానికి సిద్ధమవుతున్నారా? ఉదయగిరి కొండ కింద రోడ్డు మీదో, ఆత్మకూరులో ఏ గ్రౌండులోనో తెల్లారకముందే పరుగు తీస్తున్నారా? అయితే ఒక చిన్న ప్రశ్న. 1600 మీటర్లకు రోజూ టైమ్ చూసుకుంటున్నారు సరే, ఛాతీకి టేపు పెట్టి చూసుకున్నది ఎన్నిసార్లు?

చాలామంది ఆ పని సెలక్షన్ దగ్గరే మొదటిసారి చేస్తారు. ‘గాలి బాగా పీల్చబ్బయా’ అనగానే భుజాలు పైకెత్తి, పొట్ట లోపలికి లాగి, ఊపిరి బిగబడతారు. టేపు నాలుగు సెంటీమీటర్ల దగ్గరే ఆగిపోతుంది. నెలల తరబడి పడిన కష్టం ఒక్క సెంటీమీటరు దగ్గర పోతుంది. ఛాతీ ఎలా కదులుతుందో తెలిస్తే ఈ నష్టాన్ని చాలావరకు తప్పించుకోవచ్చు.

టేపు చూసేది రెండు లెక్కలు

మన రాష్ట్ర పోలీసు నియామకాల్లో పురుష అభ్యర్థులకు, గాలి పూర్తిగా పీల్చినప్పుడు ఛాతీ 86.3 సెం.మీ.కు తగ్గకూడదు. మామూలు కొలతకూ, పీల్చిన తర్వాతి కొలతకూ తేడా కనీసం 5 సెం.మీ. ఉండాలి. అంటే 81.3 నుంచి 86.3కి పెరిగినవాడు గట్టెక్కుతాడు. 83 నుంచి 87కి పెరిగినవాడిది పెద్ద ఛాతీయే, అయినా ఆగిపోతాడు. ఆర్మీ అగ్నివీర్ జనరల్ డ్యూటీకి 77 సెం.మీ. ఛాతీ, 5 సెం.మీ. వ్యాకోచం అడుగుతారు. సడలింపులు ఉంటాయి కాబట్టి మీకు వర్తించే అంకెలను నోటిఫికేషన్‌లో సరిచూసుకోండి. అమ్మాయిలకు ఈ కొలత లేకపోయినా పరుగులో ఊపిరి అందాలంటే కదలాల్సింది ఇవే ఎముకలు.

దండీలు, పుషప్స్ కొడితే కండ పెరుగుతుంది. రెండు కొలతలూ పెరుగుతాయి కానీ తేడా అంతే ఉంటుంది. ఆ తేడా కండది కాదు, కీళ్లది.

బోరింగు పిడి, బకెట్ పిడి

ఛాతీ గూటిలో 12 జతల పక్కటెముకలు, వెనుక 12 వెన్నుపూసలు, ముందు ఒక రొమ్ము ఎముక (ఉరోస్థి) ఉంటాయి. పై ఏడు జతలు తమ సొంత మృదులాస్థితో రొమ్ము ఎముకకు అతుక్కుంటాయి. వీటినే నిజ పర్శుకలు అంటారు. 8, 9, 10 జతలు పై ఎముక మృదులాస్థిని ఆసరా చేసుకుంటాయి. 11, 12 జతలకు ముందువైపు ఏ ఆధారమూ లేదు. జీవశాస్త్రంలో ఇది బిట్టుగానూ వస్తుంది, గుర్తుపెట్టుకోండి.

ఇక కీళ్ల సంగతి. ప్రతి పక్కటెముక తల వెన్నుపూస మధ్యభాగంతో కీలు కడుతుంది. పై పది జతలు వెన్నుపూస పక్క కొమ్ముతో ఇంకో కీలు కడతాయి. ఈ రెండూ కలిసి తలుపు బందుల్లా పనిచేస్తాయి. ముందువైపు మొదటి పక్కటెముక రొమ్ము ఎముకకు గట్టిగా అతుక్కుని ఉంటుంది. రెండు నుంచి ఏడు వరకు చిన్న కీళ్లుంటాయి, అవి కాస్త జారతాయి.

గాలి పీల్చినప్పుడు రెండు కదలికలు జరుగుతాయి. పై పక్కటెముకలు రొమ్ము ఎముకను ముందుకీ పైకీ లేపుతాయి, బోరింగు పంపు పిడి లేచినట్టు. కింది పక్కటెముకలు పక్కలకు తెరుచుకుంటాయి, బకెట్ పిడిని ఎత్తినట్టు. అదే సమయంలో ఉదర వితానం కిందికి దిగుతుంది. టేపు మీద కనిపించే 5 సెం.మీ. ఈ కదలికల మొత్తం.

మూడు తప్పులు

1. భుజాలు ఎగరేయడం: మెడ, భుజాల కండరాలు బిగుస్తాయి. కింది పక్కటెముకలు తెరుచుకోవు.

2. పొట్ట లోపలికి లాగడం: ఉదర వితానానికి దిగే చోటు ఉండదు. బకెట్ పిడి అక్కడే ఆగిపోతుంది.

3. మొదటి కొలతకే ఛాతీ విరుచుకుని నిలబడటం: సగం గాలి ముందే లోపల ఉంటే తేడా ఎక్కడి నుంచి వస్తుంది? మొదటి కొలతప్పుడు మామూలుగా గాలి వదిలి, ఒళ్లు వదులుగా ఉంచండి.

రోజూ పది నిమిషాలు

కింది పక్కటెముకల మీద రెండు వైపులా అరచేతులు పెట్టుకోండి. ముక్కుతో నెమ్మదిగా పీలుస్తూ చేతులను బయటికి నెట్టండి. పైన రెండు మూడు సెకన్లు ఆగి, పూర్తిగా వదలండి. పది సార్లు చాలు. తర్వాత తువ్వాలు చుట్టచుట్టి వీపు పైభాగం కింద అడ్డంగా పెట్టుకుని పడుకుని, చేతులు తల వెనక్కి చాపి అలాగే ఊపిరి తీసుకోండి. కూర్చుని నడుము కదలకుండా ఛాతీని కుడికీ ఎడమకీ తిప్పండి. తల తిరిగితే ఆపేయండి. ముందు రోజు చేస్తే ఫలితం రాదు, వారాలు పడుతుంది. ఆదివారం ఆదివారం ఒకే చోట టేపు పెట్టి నోట్‌బుక్‌లో రాసుకోండి.

కీలు కదలకపోతే?

ఎంత చేసినా తేడా రెండున్నర సెంటీమీటర్లు దాటడం లేదా? నడుము నొప్పి మూడు నెలలు దాటిందా? పొద్దున లేవగానే అరగంటకు పైగా బిగుసుకుపోయి, తిరిగితే తగ్గుతోందా? అయితే కీళ్లవాత నిపుణుడికి చూపించుకోండి. యాంకిలోజింగ్ స్పాండిలైటిస్ అనే జబ్బు ఎక్కువగా మీ వయసులోనే మొదలై, వెన్నుకు పక్కటెముకలు కలిసే కీళ్లనూ పట్టుకుంటుంది. ముందే తెలిస్తే మందులతో, వ్యాయామంతో అదుపులో పెట్టొచ్చు. పరుగులో ఛాతీ నొప్పి, చెమటలు, ఊపిరాడకపోవడం వస్తే మాత్రం పట్టేసిందిలే అనుకోకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

మన మెట్ట ప్రాంతానికి ఇంకో సంగతి ఉంది. బోరు నీటిలో ఫ్లోరైడ్ ఎక్కువైతే ఏళ్ల తరబడి తాగినవారి కీళ్ల చుట్టూ ఉండే స్నాయువులు గట్టిపడి ఎముకలా మారతాయి. ముదిరితే పక్కటెముకలు వెన్నుకు బిగుసుకుపోతాయి, ఇక ఊపిరి పొట్టతోనే. ఈ జబ్బును మన దేశంలో 1937లోనే అప్పటి నెల్లూరు జిల్లాలో వైద్యులు గుర్తించి రాశారు. ఉదయగిరికి ఆనుకుని ఉన్న కనిగిరి ప్రాంతం కూడా అప్పట్లో ఈ జిల్లాలోదే, 1970లో ప్రకాశం ఏర్పడ్డాకే విడిపోయింది. మీ ఊరి బోరు నీటిని గ్రామీణ నీటి సరఫరా విభాగం ల్యాబ్‌లో పరీక్ష చేయించండి. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే ఆ నీళ్లు తాగొద్దు. కాచినా ఫ్లోరైడ్ పోదు.

రేపు గ్రౌండుకు వెళ్లేటప్పుడు బూట్లతో పాటు దర్జీ టేపు ఒకటి జేబులో వేసుకోండి. మీ 5 సెం.మీ. సెలక్షన్ రోజున కాదు, ఈ వారమే తెలుసుకోవాలి.