కుడి సీటు చదువు

సింగరాయకొండ, కనుమళ్ల మధ్య 16వ నంబరు జాతీయ రహదారిని అత్యవసర సమయంలో వాయుసేన విమానాలు దిగే రన్‌వేగా ఎంపిక చేశారు. ఇదే రహదారి మీద కొరిశపాడు దగ్గర 2022 డిసెంబరు 29న, 2024 మార్చి 18న ట్రయల్ రన్లు కూడా జరిగాయి. రోడ్డు మీదికే విమానం వచ్చాక పిల్లల్ని పైలట్లను చేయాలన్న కోరిక పొగాకు, మిర్చి రైతుల ఇళ్లలోనూ పుట్టడం సహజం. అయితే ఎవరైనా మొదట అడిగేది ‘ఎంత త్వరగా ఎయిర్‌లైన్‌లో చేరొచ్చు?’ అనే. అంతకంటే ముఖ్యమైన ప్రశ్న ఇంకొకటుంది: కెప్టెన్ కావడానికి కావలసిన నిబ్బరం ఎక్కడ అబ్బుతుంది? చాలామంది తాత్కాలిక మజిలీగా చూసే ఫ్లైట్ ఇన్‌స్ట్రక్టర్ ఉద్యోగంలోనే అది బాగా అబ్బుతుందని నా వాదన.

చిన్న సెస్నా విమానంలో శిష్యుడు ఎడమ సీట్లో, ఇన్‌స్ట్రక్టర్ కుడి సీట్లో కూర్చుంటారు. కంట్రోల్స్ ఇద్దరి ముందూ ఉంటాయి. ల్యాండింగ్‌కి దిగుతున్నప్పుడు శిష్యుడు వేగం తగ్గనిచ్చాడనుకోండి. ఇన్‌స్ట్రక్టర్ వెంటనే కంట్రోల్స్ లాక్కుంటే శిష్యుడికి ఏమీ రాదు, ఆలస్యం చేస్తే విమానం దక్కదు. ముందు మాటతో హెచ్చరించాలి, వినకపోతే ‘ఐ హ్యావ్ కంట్రోల్’ అని తన చేతిలోకి తీసుకోవాలి. ఎంతవరకు ఓర్చుకోవాలి, ఏ క్షణాన అందుకోవాలి అన్నది ఏ పుస్తకమూ చెప్పదు. రోజుకు నాలుగైదుసార్లు, రకరకాల శిష్యులతో ఈ నిర్ణయం తీసుకుంటేనే వస్తుంది.

ఎయిర్‌లైన్ కెప్టెన్ పని కూడా చాలావరకు ఇదే. ఒక ప్రయాణంలో కెప్టెన్ నడిపితే తర్వాతిదానిలో ఫస్ట్ ఆఫీసర్, అంటే కో-పైలట్, నడుపుతాడు. అప్పుడు కెప్టెన్ చేసేది కనిపెట్టుకుని ఉండటమే, కానీ బాధ్యత మాత్రం ఆయనదే. కనిపెట్టడం, మాట వినడం లోపిస్తే ఏమవుతుందో 2010 మే 22న మంగళూరులో జరిగిన విమాన ప్రమాదంలో చూశాం. పదివేల గంటలకు పైగా అనుభవమున్న కెప్టెన్ ఆ ప్రయాణంలో చాలాసేపు నిద్రపోయారు. దిగే సమయంలో కో-పైలట్ ‘గో అరౌండ్’ (దిగకుండా మళ్లీ పైకి లేపండి) అని హెచ్చరించినా ల్యాండింగ్ ఆపలేదు. విమానం రన్‌వే దాటి లోయలో పడింది. 158 మంది చనిపోయారు. ఆ ప్రమాదంలో గంటలకు కొరత లేదు.

‘సెస్నా గంటలు జెట్‌కి ఏం పనికొస్తాయి?’ అన్న ఆక్షేపణ బలమైనదే. 2009 ఫిబ్రవరిలో అమెరికాలోని బఫెలో దగ్గర కోల్గన్ ఎయిర్ విమానం కూలి 50 మంది చనిపోయాక, అక్కడ ఎయిర్‌లైన్‌లో చేరాలంటే సాధారణంగా 1500 గంటలు ఉండాలన్న నిబంధన 2013లో అమల్లోకి వచ్చింది. అందుకే అక్కడి యువ పైలట్లలో చాలామంది ముందు ఇన్‌స్ట్రక్టర్లవుతారు. కానీ కూలిన విమానంలోని ఇద్దరు పైలట్లకూ 1500 గంటలకు మించే ఉన్నాయి. స్టాల్ (రెక్కలు విమానాన్ని మోయలేని స్థితి) హెచ్చరిక రాగానే ముక్కు దించాల్సిన కెప్టెన్ పైకి లాగారు. ప్రతి ఇన్‌స్ట్రక్టరూ మొదటి పాఠాల్లోనే చెప్పే సంగతి ఇది. కాబట్టి గంటల లెక్క ఒక్కటే రక్ష కాదు. వంద గంటలు ఒకే తీరున ఎగరడం వేరు, వందసార్లు మరొకరి తప్పును సరిదిద్దడం వేరు.

రెండో ఆక్షేపణ మన కళ్లముందే ఉంది. విజయవాడలో పెరిగిన అనీ దివ్య ఉత్తరప్రదేశ్‌లోని ఇందిరాగాంధీ రాష్ట్రీయ ఉడాన్ అకాడమీలో శిక్షణ పూర్తి చేసి, 19 ఏళ్లకే ఎయిర్ ఇండియాలో చేరి, 2017లో 30 ఏళ్ల వయసుకే బోయింగ్ 777 కమాండర్ అయ్యారు. ఇన్‌స్ట్రక్టర్ దారి తప్పనిసరి కాదని ఆమె ప్రయాణమే చెబుతోంది. అయితే అలాంటివారికి మంచి సిమ్యులేటర్లు, ఓపికున్న శిక్షకులు, ఏళ్ల తరబడి లైన్ అనుభవం దొరుకుతాయి. అంటే చదువు తప్పలేదు, చెప్పే చోటు మారిందంతే. ఆ చోటులోనూ ఎదురుపడేది గురువే: కమాండ్ శిక్షణలో కొత్త కెప్టెన్ ఎడమ సీట్లోకి మారితే, పక్కన కుడి సీట్లో కూర్చునేది ట్రైనింగ్ కెప్టెన్.

మన దేశంలో కమర్షియల్ లైసెన్సుకు 200 గంటలు చాలు, పెద్ద విమానానికి టైప్ రేటింగ్ (ఆ రకం విమానం నడిపే అర్హత) చేసుకుంటే ఎయిర్‌లైన్‌లో చేరవచ్చు. కెప్టెన్‌కి కావలసిన ఏటీపీఎల్ అనే పై లైసెన్సుకి 1500 గంటలు కావాలి. తలుపు నేరుగా తెరిచి ఉండటంతో జీతం తక్కువున్న ఫ్లయింగ్ స్కూలు వైపు చూసేవారు తగ్గారు, స్కూళ్లకు ఇన్‌స్ట్రక్టర్ల కొరత మిగిలింది. అప్పు చేసి అరకోటి ఖర్చుపెట్టిన కుటుంబం పిల్లవాణ్ణి తొందరపెట్టడంలో తప్పులేదు. కానీ ఉద్యోగాలు లేక లైసెన్సు చేతిలో పెట్టుకుని కూర్చోవలసిన రోజులు కూడా విమానయానంలో వస్తుంటాయి. అప్పుడు ఇన్‌స్ట్రక్టర్ రేటింగ్ ఉన్నవాడికి సంపాదనతో పాటు గంటలూ వస్తాయి. కాబట్టి పొలం తాకట్టు పెట్టే ముందు ఫీజు ఒక్కటే అడగకండి. ఆ స్కూల్లో ఇన్‌స్ట్రక్టర్లు ఎంతమంది, ఎన్నాళ్లుగా ఉన్నారు, మీ పిల్లవాడు ఆ రేటింగ్ కూడా చేయగలడా అన్నవి అడిగి, ఆ తర్వాతే సంతకం పెట్టండి.