వార్తల్లో పదం: స్కవర్

భారీ వరద వెళ్లాక ఇంజినీర్లకు వంతెన మీది గతుకుల కంటే స్తంభాల మొదళ్ల మీదే ఎక్కువ బెంగ. ప్రవాహం స్తంభానికి కొట్టుకుని కిందికి మళ్లుతుంది, అడుగున సుడి తిరుగుతూ చుట్టూ ఉన్న ఇసుకను తవ్వుకుపోతుంది. ఈ కోతే స్కవర్.

చిక్కేమిటంటే, వరద ఉద్ధృతంగా ఉన్నప్పుడే ఆ గుంత బాగా లోతుగా ఉంటుంది. నీరు నెమ్మదించగానే కొత్త ఇసుక వచ్చి కప్పేస్తుంది. ఎండాకాలంలో తనిఖీకి వెళ్తే అంతా భేషుగ్గానే కనిపిస్తుంది! వదులుగా పూడిన ఆ ఇసుక మళ్లీ వరదొస్తే లేచిపోతుంది. 1987 ఏప్రిల్ 5న న్యూయార్క్ రాష్ట్రంలో స్కోహరీ క్రీక్ వంతెన కోతకే కూలి 10 మంది చనిపోయారు. పునాదులు లోతులేనివి. రక్షణగా పోసిన రాళ్లనూ సరిగా పట్టించుకోలేదు.

మన ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ పద్ధతిలో, వరద మట్టం నుంచి సగటు కోత లోతును ప్రవాహాన్నీ, ఇసుక రేణువుల సైజునూ బట్టి లెక్కేస్తారు. స్తంభాల దగ్గర దానికి రెండింతలు తీసుకుంటారు. పునాదిని అందులో మరో మూడోవంతు కిందికి దించుతారు. గోదావరి లాంటి ఇసుక నదుల్లో వెల్ ఫౌండేషన్లు వేసేది ఇందుకే. బావి ఒరలాంటి కాంక్రీటు గోడ కట్టి, లోపలి ఇసుకను గ్రాబ్‌తో తోడేస్తుంటే అది తన బరువుకు తానే దిగుతుంది. ఒరగకుండా దించడంలోనే ఉంది పనితనమంతా.

ఇంత చేసినా, వంతెన పక్కనే ఇసుక తవ్వి నది అడుగును మీటరు దించేస్తే, పునాదికి ఆ మేరకు పట్టు తగ్గిపోతుంది.