ఆరిపోయిన ప్లగ్గు

బెంగళూరులో మైకో లేఅవుట్ అంటే ఆటోవాళ్లందరికీ తెలుసు. మైకో పేరు వెనక ఉన్నది స్పార్క్ ప్లగ్గులూ, డీజిల్ పంపులూ చేసిన కంపెనీ అన్న సంగతి మాత్రం కుర్రాళ్లు మరిచిపోతున్నారు. 1951లో పుట్టిన ఆ కంపెనీ 2008లో బాష్‌గా పేరు మార్చుకుంది. ఎక్కువ ఓల్టుల మాగ్నెటోతో ప్లగ్గుకు నమ్మకమైన నిప్పురవ్వ అందించిన గాట్‌లోబ్ హోనోల్డ్ కూడా దాని మాతృసంస్థ బాష్‌లో 1902 నాటి ఇంజనీరే.

ప్లగ్గు పుట్టుక అది. నాకు ఆసక్తి అది చచ్చాక బతికే బతుకు మీద.

ఇంజను విప్పేవాళ్లకు ఒక పాత తలనొప్పి ఉంది. క్రాంకు చివరి నట్టుకు పానా వేసి తిప్పితే, నట్టుతోపాటు క్రాంకూ తిరుగుతుంది. కొందరు ప్లగ్గు రంధ్రంలోంచి స్క్రూడ్రైవర్ దూర్చి పిస్టన్‌ను ఆపుతారు. మెత్తటి అల్యూమినియం పిస్టన్‌కు అంతకంటే అన్యాయం లేదు. తాడు కూరడం కొంత నయమే. కానీ టూ స్ట్రోక్ ఇంజనులో తాడు కొస పోర్టులోకి జారి నలిగిందంటే హెడ్డు విప్పాల్సిందే.

అందుకే పాత ప్లగ్గు. అడుగున వంగి ఉండే ఎలక్ట్రోడ్‌ను రంపంతో కోసేస్తారు. పై మడతను అరగదీసి, గుడ్డ కప్పి, పింగాణీని పగలగొడతారు (కళ్లద్దాలు లేకుండా ఈ పనికి కూర్చోవద్దు). మిగిలిన ఉక్కు గుల్లలో 10 మి.మీ. ట్యాపుతో మరలు కోసి పొడుగు బోల్టు బిగిస్తారు. బోల్టు కొసను ఆకురాయితో గుండ్రంగా రుద్ది, పైన లాక్ నట్టు వేస్తే పిస్టన్ స్టాపర్ సిద్ధం. గుల్ల బయటి మరలు 14 మి.మీ.వి కాబట్టి జావాకూ, ఆర్‌ఎక్స్ 100కూ అదే పనికొస్తుంది. దాన్ని బిగించడానికి బండితో వచ్చిన ప్లగ్గు పానా చాలు. ఎక్కడో ఎవరో కుదుర్చుకున్న ఒక కొలత మెకానిక్ చేతికి ఉచితంగా పనిముట్టు ఇచ్చింది. స్ప్లెండర్ ప్లగ్గు మాత్రం 10 మి.మీ.దే. దాని గుల్లలో మరలు కోయడానికి లోహం మిగలదు.

బోల్టు ఎంత లోపలికి దిగాలన్నదే అసలు కిటుకు. మైసూరులో ఐడియల్ జావా 1961 నుంచి 1996 దాకా చేసిన బండ్లలో పేరుమోసిన 250 ఇంజనునే తీసుకుందాం. దాని స్ట్రోకు 75 మి.మీ. మీటరు పొడవు కడ్డీ చివర 6 కిలోలు వేలాడదీసినంత బలంతో నట్టు తిప్పామనుకోండి. పిస్టన్ పైకొసకు 11 మి.మీ. కిందే ఆగితే బోల్టు మీద పడేది సుమారు 200 కిలోలు. మిల్లీమీటరు కూడా మిగలకుండా ఆగితే 600 కిలోలు దాటుతుంది. పైకి చేరేకొద్దీ క్రాంకు పక్కకే జరుగుతుంది, పిస్టన్ కదిలేది చాలా తక్కువ. కాస్త కదలికలోనే బలమంతా పోగుపడుతుంది. మోచెయ్యి దాదాపు తిన్నగా చాపి తలుపు నెట్టినప్పుడు మనం వాడుకునేదీ ఈ సూత్రాన్నే. కాబట్టి బోల్టు పొడుగ్గా దించి, పిస్టన్‌ను కిందే ఆపాలి. ముందు చేత్తో మెల్లగా తిప్పి తాకించి, ఆ తర్వాతే పానాకు బలం ఇవ్వాలి. ఇంపాక్ట్ గన్ వాడకూడదు.

బుల్లెట్ లాంటి ఫోర్ స్ట్రోక్ బండ్లతో మరికాస్త జాగ్రత్త. ప్లగ్గు వాలుగా ఉంటుంది, పక్కనే వాల్వులు ఉంటాయి. అక్కడ నేనైతే తాడునే వాడతాను.

బెంగళూరు జేసీ రోడ్డులో స్పేర్ పార్టుల దుకాణాలకు కొదవ లేదు, కొత్త స్టాపర్ కొనుక్కోవచ్చు. కొన్నదైనా చేసుకున్నదైనా, పని అయ్యాక దాన్ని బయటికి తీశారో లేదో ఒకసారి చూసుకుని అప్పుడు కిక్కు కొట్టండి.