స్పైనోసారస్: సినిమా చెప్పింది వేరు, ఎముకలు చెప్పేది వేరు

డైనోసార్లలో చేపలు పట్టి బతికినవీ ఉన్నాయి. వాటిలో అతి పెద్దది స్పైనోసారస్. మూతి నుంచి తోక చివరిదాకా సుమారు 14 మీటర్లు. ఈజిప్టులోని బహరియా ఒయాసిస్‌లో దొరికిన ఎముకలను బట్టి జర్మన్ శాస్త్రవేత్త ఎర్న్‌స్ట్ స్ట్రోమర్ 1915లో దీనికి పేరు పెట్టారు. 1944 ఏప్రిల్‌లో మ్యూనిక్ నగరంపై జరిగిన బాంబు దాడిలో ఆ ఎముకలన్నీ నాశనమయ్యాయి. మిగిలినవి ఆయన రాతలు, బొమ్మలు, కొన్ని ఫొటోలే. తెలియని చోటల్లా ఊహలు చేరాయి. మొరాకోలో కొత్త ఎముకలు బయటపడ్డాక అసలు రూపం కొద్దికొద్దిగా తెలుస్తోంది.

అపోహ: స్పైనోసారస్, టి. రెక్స్ ఒకదానితో ఒకటి పోరాడేవి.

వాస్తవం: ఆ పోరాటం 2001లో వచ్చిన జురాసిక్ పార్క్ 3 సినిమాలోనే జరిగింది. స్పైనోసారస్ దాదాపు 10 కోట్ల నుంచి 9.5 కోట్ల ఏళ్ల కిందట ఉత్తర ఆఫ్రికాలో బతికింది. టి. రెక్స్ ఉత్తర అమెరికాది. అది పుట్టేసరికి స్పైనోసారస్ అంతరించి రెండున్నర కోట్ల ఏళ్లు దాటింది.

అపోహ: ఇది ఒక రకం మొసలి.

వాస్తవం: మూతి మొసలిని తలపిస్తుంది, అంతే. ఇది థెరోపాడ్ అనే డైనోసార్ వర్గానికి చెందింది. టి. రెక్స్, నేటి పక్షులు కూడా ఆ వర్గానివే. మొసళ్లూ, ఇదీ పట్టేది జారిపోయే చేపలనే కాబట్టి మూతులు ఒకేలా రూపుదిద్దుకున్నాయి.

అపోహ: పెద్ద జంతువులను చీల్చి తినడమే దీని పని. లేదంటే, చేప తప్ప మరేదీ ముట్టేది కాదు.

వాస్తవం: రెండూ సరికావు. మాంసం కోయడానికి పళ్లకు రంపపు అంచు కావాలి. స్పైనోసారస్ పళ్లకు అది లేదు. అవి శంకువు ఆకారంలో, చేపను గుచ్చి పట్టడానికి వీలుగా ఉన్నాయి. మొరాకోలో దొరికిన ఒక మూతి ఎముకలో, పళ్ల దగ్గర, రంపపు చేపను పోలిన చేప వెన్నుపూస ఇరుక్కుని ఉంది. అయితే ఇంగ్లండ్‌లో 1983లో దొరికిన దీని బంధువు బారియోనిక్స్ కడుపు భాగంలో చేప పొలుసులతో పాటు ఇగువనోడాన్ అనే మరో డైనోసార్ పిల్ల ఎముకలూ కనిపించాయి. చేప ముఖ్యాహారం, చేతికందితే మరొకటీ తినేవి.

అపోహ: వీపు మీద ఉన్నది ముళ్ల వరుస.

వాస్తవం: అవి ముళ్లు కావు, వెన్నుపూసల పొడిగింపులు. అన్నిటికంటే పొడవైనది దాదాపు 1.65 మీటర్లు. వాటిని చర్మం కప్పి తెరచాపలా ఉండేదని ఎక్కువమంది శాస్త్రవేత్తల అభిప్రాయం. జతను ఆకర్షించడానికో, ప్రత్యర్థిని బెదిరించడానికో అది ఉపయోగపడి ఉండవచ్చు.

అపోహ: ఇది నీళ్లలో మునిగి ఈదుతూ వేటాడేదని తేలిపోయింది.

వాస్తవం: తేలలేదు. వెనక కాళ్లు పొట్టివని, కాళ్ల ఎముకలు గట్టిగా, బరువుగా ఉన్నాయని 2014లో శాస్త్రవేత్త నిజార్ ఇబ్రహీం బృందం ప్రకటించింది. 2020లో అదే బృందం తెడ్డులా వెడల్పైన తోకను వివరించింది. బరువైన ఎముకలు నీటిలో మునగడానికి, అలాంటి తోక నీటిని నెట్టడానికి పనికొస్తాయి. ఇవి ఈతకు అనుకూలమైన ఆధారాలు. కానీ 2022లో మరో శాస్త్రవేత్త పాల్ సెరెనో బృందం దీని శరీరాన్ని కంప్యూటర్‌లో నిర్మించి పరీక్షించింది. ఇది చురుగ్గా ఈదలేదని, లోతులేని నీటిలో నిలబడి చేపల కోసం కాపు కాసేదని వాదించింది. ఇది నీటి దగ్గరే బతికేదన్న విషయంలో మాత్రం ఇరుపక్షాలకూ పేచీ లేదు.

పిల్లలకు డైనోసార్ పుస్తకం కొనేటప్పుడు స్పైనోసారస్ తోకను చూడండి. సన్నగా గుండ్రంగా ఉంటే ఆ బొమ్మ 2020కి ముందు తెలిసినదాన్ని బట్టి గీసింది. తోక వెడల్పుగా ఉన్న బొమ్మనే పిల్లలకు చూపించండి. కొత్త ఎముక దొరికితే శాస్త్రం తన మాటను సరిదిద్దుకుంటుందని కూడా చెప్పండి.