కట్టిన గుడి, తొలిచిన గుడి



మన తిమ్మాజిపేట మండలంలోనే ఆవంచ అనే ఊరుంది. అక్కడ ఒకే గుండును చెక్కి చేసిన పెద్ద వినాయకుడున్నాడు. ఐశ్వర్య గణపతి అంటారు. ఎత్తు 25 అడుగుల పైమాటేనని, 12వ శతాబ్దంలో పశ్చిమ చాళుక్యుల కాలంలో చెక్కారని చెబుతారు. ఎల్లోరా పేరు మనమందరం పరీక్షల కోసం బట్టీ పట్టాం. కాని మన మండలంలోని ఈ రాతిని చూడనివారు మనలో చాలామంది ఉన్నారు. ఈ హాస్టల్లో చదివి ఇప్పుడు పీజీ చేస్తున్న మేము కొందరం, సెలవుల్లో బస్సులెక్కి ఇలాంటి చోట్లకు వెళ్లి ఫొటోలు తీస్తున్నాం. తిరగడంలో మేము నేర్చుకున్నది మీకూ పనికొస్తుందని ఈ వ్యాసం రాస్తున్నాం.

రెంటికీ తేడా ఏమిటి?

జోగులాంబ గద్వాల జిల్లా అలంపురంలో బాదామి చాళుక్యుల నాటి నవబ్రహ్మ ఆలయాలున్నాయి. 7, 8 శతాబ్దాలవి. ఇవి కట్టిన గుళ్లు. అంటే రాళ్లను చెక్కి తెచ్చి, ఒకదానిమీద ఒకటి పేర్చారు. కట్టినదాన్ని విప్పవచ్చు. శ్రీశైలం జలాశయంలో మునిగిపోయే కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయి విడదీసి, అలంపురం తెచ్చి మళ్లీ నిలబెట్టారు.

తొలిచిన గుడి అలా కాదు. అక్కడ తెచ్చి పెట్టిన రాయి లేదు. కొండలోంచి అక్కర్లేనిది తీసేయగా మిగిలిందే గుడి. గోడ కట్టేటప్పుడు ఒక రాయి పగిలితే ఇంకో రాయి పెట్టవచ్చు. రోలు తొలిచేటప్పుడు అంచు ఊడితే ఆ రోలు పోయినట్టే. దాన్ని కదిలించాలంటే కొండనే కోయాలి. ఈజిప్టులో అబూ సింబెల్ అనే కొండగుడి డ్యాం నీళ్లలో మునగకుండా 1964 నుంచి 1968 వరకు అలాగే ముక్కలుగా కోసి పైకి చేర్చారు. అందుకు ఎన్నో దేశాలు డబ్బు పోగు చేయాల్సి వచ్చింది. మన ఊరి గుండు కోసం అన్ని దేశాలు రావు. ఈ సంగతి మొదట గుర్తుంచుకోవాలి.

మూడు రకాలు

మొదటిది, కొండ తానే ఇచ్చిన చోటు. అచ్చంపేట దగ్గరి ఉమామహేశ్వరంలో ముందుకు వంగిన కొండ చరియ కిందే స్వామి వెలిశాడు. శ్రీశైలానికి ఉత్తర ద్వారంగా దీనికి పేరు.

రెండోది, కొండలోకి తొలిచిన గుహ. గుంటూరు జిల్లాలో తాడేపల్లి దగ్గర ఉండవల్లి గుహలు నాలుగు అంతస్తుల్లో ఉంటాయి. లోపల శేషశయనుడైన విష్ణువు పొడవు ఐదు మీటర్లకు పైనే. కింది అంతస్తు మొదట బౌద్ధ భిక్షువుల నివాసమని చరిత్రకారులు చెబుతారు. నల్లమల అడవిలోని భైరవకోనలో ఒకే కొండకు ఎనిమిది శివాలయాలు తొలిచారు. కర్ణాటకలోని బాదామిలో మూడో గుహ విష్ణువుది. అందులో 578వ సంవత్సరపు శాసనం ఉంది కాబట్టి దాని వయసు మీద తగాదా లేదు.

మూడోది ఏకశిల. విడిగా ఉన్న గుండునో బండనో నాలుగు వైపులా చెక్కి రూపం తేవడం. మన ఆవంచ గణపతి ఈ కోవలోనిదే. 15 అడుగుల ఎత్తు, 27 అడుగుల పొడవున్న లేపాక్షి నంది, మహాబలిపురం రథాలు, ఎల్లోరా కైలాసం కూడా అంతే.

ఎలా తొలిచారు?

కైలాసాలయాన్ని 8వ శతాబ్దంలో రాష్ట్రకూట రాజు మొదటి కృష్ణుడి కాలంలో కొండ పైనుంచి కిందికి తొలిచారు. శిఖరం ముందు, పునాది చివర. అందుకే ఎత్తయిన సారువల పని తక్కువ. తీసేసిన రాయి దాదాపు 2 లక్షల టన్నులని అంచనా.

రాయిని బట్టి పని. ఎల్లోరాది నల్లరాయి, బాదామిది ఎర్ర ఇసుకరాయి. మన పాలమూరు గుండ్లు, మహాబలిపురం బండలు గ్రానైటు. అది అన్నింటికన్నా మొండిది. వరుసగా రంధ్రాలు కొట్టి, ఎండు కట్టె మేకులు దిగ్గొట్టి, నీళ్లు పోస్తే కట్టె ఉబ్బి బండ చీలుతుంది. బండ మీద మంట పెట్టి పొరలు లేపే పద్ధతి కూడా ఉంది. మన ఊళ్లలో రాళ్లు కొట్టే ఇళ్లవాళ్లకు ఈ పనులు కొత్త కాదు.

చూసేవారికి ఒక సలహా. పూర్తయిన శిల్పం కన్నా సగంలో ఆగిన పని దగ్గర ఎక్కువసేపు నిలబడండి. ఉండవల్లి కింది అంతస్తులో, మహాబలిపురంలో అలాంటివి ఉన్నాయి. ఉలి ఎటునుంచి ఎటు నడిచిందో అక్కడ గీతల్లో కనిపిస్తుంది.

ఎవరి చేతులు?

శాసనాల్లో రాజు పేరుంటుంది, దానం చేసినవారి పేరుంటుంది. చెక్కినవాడి పేరు అరుదు. పట్టదకల్ విరూపాక్షాలయంలో గుండ అనివారితాచారి అనే శిల్పి పేరు ఉంది.  ఉలికి రోజూ పదును పెట్టిన కమ్మరి, రాతి పెళ్లలు మోసిన కూలీ, నీళ్లు మోసిన ఆడవాళ్లు ఏ శాసనంలోనూ లేరు.

మా తాతలు గుడి మెట్ల దగ్గరే ఆగిపోయినవాళ్లు. వాళ్లు కొట్టిన రాయి గర్భగుడిలోకి పోయింది, వాళ్లు పోలేదు. రాజ్యాంగం 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేశాక పుట్టిన మనం తలెత్తుకుని లోపలికి వెళ్తున్నాం. వెళ్లినప్పుడు దేవుడికి దండం పెట్టుకోవడం, పెట్టుకోకపోవడం ఎవరి ఇష్టం వారిది. కాని ఉలి గీతలను మాత్రం చూడకుండా రావద్దు. అక్కడ ఉన్నది మనలాంటి వాళ్ల చెమట. "ఇవి పెద్దవాళ్ల గుళ్లు, మనకెందుకు" అనుకుంటే, మనవాళ్ల కష్టాన్ని మనమే ఇంకొకరికి రాసిచ్చినట్టు.

ఫొటో తీసేవారికి

ఖరీదైన కెమెరా అక్కర్లేదు, ఫోను చాలు. పొద్దున, సాయంత్రం ఎండ ఏటవాలుగా పడ్డప్పుడు చెక్కడం తేటగా తేలుతుంది. మిట్టమధ్యాహ్నం ముఖాలు నీడలో పోతాయి. గుహలో ఫ్లాష్ వేస్తే రాయి చదునుగా కనిపిస్తుంది. దూరం నుంచి మొత్తం, దగ్గర నుంచి భాగాలు, రెండూ తీయాలి. ఒక ఫొటోలో పక్కన మనిషినో కొలబద్దనో నిలబెడితే పరిమాణం తెలుస్తుంది. తేదీ, ఊరు, దిక్కు నోటుబుక్కులో రాసుకోవాలి. అవి లేని ఫొటో పదేళ్ల తర్వాత ఎవరికీ పనికిరాదు. పూజ జరిగేచోట పూజారిని అడిగి తీయాలి. కేంద్ర పురావస్తు శాఖ కాపాడే చోట్ల స్టాండు పెట్టాలంటే అనుమతి కావాలి. అక్కడ టికెట్టు ఉన్నా 15 ఏళ్ల లోపు పిల్లలకు ప్రవేశం ఉచితం. చిన్న తరగతుల తమ్ముళ్లు ఇది గుర్తుంచుకోండి.

శాసనం అక్షరాలు కనబడాలని సుద్దముక్కతో రుద్దవద్దు, నూనె పోయవద్దు. పేర్లు చెక్కవద్దు.

మన పని

రాతి గుళ్లకు ముప్పు వానవల్ల తక్కువ, మనుషుల వల్ల ఎక్కువ. గుప్తనిధుల కోసం తవ్వేవారున్నారు. గ్రానైటు కోసం గుండ్లు పేల్చేవారున్నారు. భక్తితో రంగులు పూసేవారూ ఉన్నారు. 2017లో తెలంగాణ వారసత్వ చట్టం వచ్చింది. పురాతన సంపదను కాపాడడం పౌరుల విధి అని రాజ్యాంగం 51ఎ అధికరణం చెబుతోంది. అయితే ఏ ఊళ్లో ఏముందో తెలియకపోతే చట్టం దేన్ని కాపాడుతుంది?

అందుకే ఒక మాట కోరుతున్నాం. ఈ సెలవుల్లో ఇంటికి వెళ్లినప్పుడు మీ ఊరి గుండ్లు, విగ్రహాలు, వీరగల్లులు, రాతి మీది అక్షరాలు చూడండి. ఫొటో తీయండి. ముసలివాళ్లను అడిగి వాళ్లు చెప్పింది రాయండి. హాస్టల్ లైబ్రరీలో అందరికీ కలిపి ఒక పెద్ద నోటుబుక్కు పెడదాం. మొదటి పేజీ ఆవంచకు. తర్వాతి పేజీలు మీ ఊళ్లకు.