వ్యాపార సంఘాల లెక్కలో మన ఇల్లు

వ్యాపారుల సంఘాలంటే మగవాళ్ల వ్యవహారమనీ, ఇంటి పట్టున ఉండే ఆడవాళ్లకు వాటితో పనేమిటనీ మనలో చాలామంది అనుకుంటాం. “బడ్జెట్‌కు ముందు ఆర్థికమంత్రిని కలిసిన పారిశ్రామికవేత్తలు” అని పేపర్లో కనబడితే పేజీ తిప్పేస్తాం. కాని జగిత్యాలలోనో కోరుట్లలోనో ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుట్టే అమ్మకు నెలలో ఎన్ని రోజులు పని దొరుకుతుందో, సిరిసిల్లలో కండెలు చుట్టే చెల్లెలికి కూలి ఎంత గిడుతుందో, కొంతవరకు ఆ వార్త వెనుక జరిగే మాటల మీదే ఆధారపడి ఉంటుంది. అందుకని ఈ సంఘాల సంగతి కాస్త చెప్పుకుందాం.

ఊళ్లో వర్తకులంతా కలిసి ఒక సంఘం పెట్టుకుంటారు. అలాంటివి కలిస్తే రాష్ట్రంలో ఒక సమాఖ్య, అవన్నీ కలిస్తే ఢిల్లీలో ఒక పెద్ద సమాఖ్య. మన దేశంలో వీటి పుట్టుకకు కారణం పరాయి పాలనే. ఇంగ్లీషు వ్యాపారులకు వాళ్ల ఛేంబర్లు వాళ్లకుండేవి, దొరల చెవిన మాట వేసుకునేవారు. మన వర్తకులకు ఆ వీలేదీ? 1927లో గాంధీజీ సలహా మీద ఘనశ్యామ్‌దాస్ బిర్లా, పురుషోత్తమ్‌దాస్ ఠాకూర్‌దాస్ ‘ఫిక్కీ’ని స్థాపించారు. హైదరాబాదులో అంతకు పదేళ్ల ముందే, 1917లోనే, వాణిజ్య మండలి మొదలైంది. ఎగుమతి సరుకుకు ఇది ఫలానా దేశంలో తయారైందని పత్రం ఇవ్వడం, వర్తకుల మధ్య తగాదాలు తీర్చడం వంటి చిల్లర మల్లర పనులు వీటికి చాలానే ఉన్నాయి. అసలు పని మాత్రం ఒకటే. ఏ పన్ను, ఏ నిబంధన ఎవరి నెత్తిన పడుతుందో సర్కారుకు చెప్పడం. మనలాంటి ఎదుగుతున్న దేశంలో ఢిల్లీ కచేరీలో కూర్చున్న అధికారికి సిరిసిల్ల గల్లీలోని నాలుగు సాంచెల షెడ్డు కనబడదు గదా!

సిరిసిల్ల ముచ్చటే చూడండి. పాలిస్టరు గుడ్డకు అప్పట్లో జి.ఎస్.టి. తలకిందులుగా ఉండేది. పోగు తయారయ్యే ముడిసరుకు మీద 18 శాతం, నూలు మీద 12, నేసిన గుడ్డ మీద 5. ముందు కట్టిన పన్ను వెనక్కి రాబట్టుకోవడానికి ఎక్కే గడపా దిగే గడపా. దీన్ని సరిచేయమని పరిశ్రమవారే అడుగుతూ వచ్చారు. 2021 సెప్టెంబరులో జి.ఎస్.టి. కౌన్సిలు సరేనంది. అయితే సరిచేసిన తీరేమిటంటే, 2022 జనవరి 1 నుంచి అన్నిటికీ 12 శాతం! పోగు చేసే పెద్ద మిల్లుకు ఇది ఊరట. గుడ్డ నేసే చిన్న ఆసామికి గుదిబండ. జౌళి సంఘాలు, దుస్తుల తయారీదారులు, వర్తకులు గోల పెట్టారు. మన రాష్ట్రప్రభుత్వమూ కేంద్రానికి రాసింది. సిరిసిల్ల శాసనసభ్యుడే అప్పుడు జౌళిశాఖ మంత్రి. చివరికి డిసెంబరు 31న, గడువు రేపనగా, కౌన్సిలు కూర్చుని పెంపు వాయిదా వేసింది. 2025 సెప్టెంబరులో పోగునూ నూలునూ కూడా 5 శాతానికి దించారు. పదిమంది ఒక్క గొంతుతో అడిగితే ఇంత పని అవుతుంది. ‘పరిశ్రమ’ అన్న ఒక్క మాటలో మిల్లూ ఉంది, సాంచా ఉంది, కండె చుట్టే ఆడమనిషీ ఉంది. ముగ్గురి లాభం ఒకటి కాదు సుమా!

ఇక బీడీల సంగతి. ఇక్కడ కథ మరీ చిక్కుగా ఉంటుంది. పొగాకు ఆరోగ్యానికి చేటు, అందులో రెండో మాట లేదు. పెట్టెల మీద 85 శాతం మేర హెచ్చరిక బొమ్మ ఉండాలని 2014లో ప్రభుత్వం నిర్ణయించింది. 2016 ఏప్రిల్ 1న అది అమలులోకి వచ్చింది. ఈ మధ్యకాలంలో పొగాకు వ్యాపారులు దాన్ని ఆపడానికి చేయని ప్రయత్నం లేదు. దీన్ని పరిశీలించిన పార్లమెంటు సంఘంలో ఒక సభ్యుడు స్వయంగా బీడీ వ్యాపారి కావడం అప్పట్లో పెద్ద రచ్చయింది. 2017లో జి.ఎస్.టి. వచ్చి బీడీ మీద 28 శాతం పన్ను పడినప్పుడూ అదే హడావిడి. ప్రతిసారీ బీడీ యజమానులు చెప్పే మొదటి మాట ఏమిటో తెలుసా? “లక్షలాది ఆడవాళ్ల పొట్ట కొట్టకండి” అని. ఆ మాట అబద్ధం కాదు. కార్ఖానా నాలుగు రోజులు మూస్తే కోరుట్లలో ఎన్ని ఇళ్లలో పొయ్యి చల్లబడుతుందో మనకు తెలుసు.

కాని అదే ఆడవాళ్లను లెక్కబెట్టవలసిన మరోచోట ఆ మాట ఎలా మారిందో వినండి. బీడీ కార్మికుల కోసం 1966లో పార్లమెంటు ఒక చట్టం చేసింది. అది చెల్లదని యజమానులు కోర్టుకెక్కారు. చెల్లుతుందని 1974లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ తర్వాత ప్రావిడెంట్ ఫండ్ వంతు వచ్చింది. “ఇంట్లో కూర్చుని చుట్టుకునేవాళ్లు మా పనివాళ్లెలా అవుతారు? వాళ్ల మీద మా అజమాయిషీ ఎక్కడిది?” అని యజమానుల వాదన. 1985లో సుప్రీంకోర్టు దీన్ని తోసేసింది. కోర్టు చూపిన కారణం మీరందరూ గుర్తుంచుకోదగ్గది. చుట్టి తెచ్చిన బీడీల్లో బాగాలేవని కొన్నిటిని తీసిపారేస్తారే, ఆ తీసిపారేసే హక్కే అజమాయిషీకి గుర్తు అంది కోర్టు. ఏ పని మనకు కళ్లనీళ్లు తెప్పిస్తుందో, ఆ పనే మనం కార్మికులమని రుజువు చేసిందన్నమాట! పొద్దంతా చుట్టిన బీడీలు పక్కకు నెట్టించుకున్న ఆడవాళ్లకు ఈ తీర్పు సంగతి ఎంతమంది చెప్పి ఉంటారు?

అంటే మంత్రిగారి ముందు మనం పరిశ్రమలో ఉన్నాం, జీతం పుస్తకం దగ్గరికి వచ్చేసరికి లేము. ఇది ఒక్క మన దగ్గరే కాదు. ఇంటి దగ్గర పనిచేసేవారి హక్కుల కోసం అంతర్జాతీయ కార్మిక సంస్థ 1996లో ఒక ఒడంబడిక చేస్తే యజమానుల పక్షం దానికి మద్దతు ఇవ్వలేదు. మన దేశం కూడా దాన్ని ఇంతవరకు ఆమోదించలేదు.

ఆడవాళ్లకు సొంత వ్యాపార సంఘాలు లేవా అంటే ఉన్నాయి. ఫిక్కీలో 1983లో మహిళా విభాగం ఏర్పడింది. 1993లో మన దగ్గర మహిళా పారిశ్రామికవేత్తలు ‘అలీప్’ పెట్టుకుని, గాజులరామారంలో ఏకంగా పారిశ్రామికవాడనే కట్టుకున్నారు. మెచ్చుకోవలసిన పనే. అయితే అవి యజమానురాళ్ల సంఘాలు. చాట పట్టుకున్న అమ్మకు పనికొచ్చేది కార్మిక సంఘమే. వెయ్యి బీడీలకు ఇంత అని కూలి కుదిరేది యజమానుల సంఘమూ కార్మిక సంఘాలూ ఎదురెదురుగా కూర్చున్నప్పుడే. రెండు పక్కలా సంఘం ఉంటేనే ఆ మాట నిలుస్తుంది. ఒకరితో ఒకరుగా టేకేదారుతో బేరమాడితే దక్కేది తక్కువ ఆకు, తక్కువ తంబాకు.

2025 నవంబరు 21 నుంచి పాత కార్మిక చట్టాల స్థానంలో కొత్త కార్మిక స్మృతులు అమలులోకి వచ్చాయి. చట్టం ఏదైనా, పుస్తకంలో ఎవరి పేరుందన్నదే ముందు అడుగుతారు. మన ఇళ్లలో అత్త, కోడలు, బిడ్డ ముగ్గురూ చుట్టిన బీడీలు అత్త పేరు మీదే జమ కావడం మామూలు. 2015లో రాష్ట్రప్రభుత్వం బీడీ కార్మికులకు నెలకు వెయ్యి రూపాయల భృతి మొదలుపెట్టినప్పుడు పి.ఎఫ్. నంబరు చూపమన్నారు. ఏళ్ల తరబడి అత్త పుస్తకంలో చుట్టిన కోడళ్ల దగ్గర చూపడానికి ఏమీ లేకపోయింది.